పెరట్లో పన్నెండు బాంక్సియాలు

ఏప్రిల్ 13, శనివారం. ఉదయం 7:10

ఈ రోజు నుంచి డైరీ. ఈ రోజు నుంచి బాంక్సియాలు!

కారణం ఇక్కడే రాసిపెడుతున్నాను, రేపు ఎవరూ అడ్డం తిప్పకుండా. పొద్దున టీ తాగుతుంటే నల్ల కాకటూ చిలకల గుంపు ఇంటి మీదికొచ్చింది. ముప్ఫై పైమాటే. తుప్పు పట్టిన తలుపులన్నీ ఒకేసారి తెరిచినట్టు అరుస్తూ, పెరటి మీద ఒక చుట్టు తిరిగి, దిగకుండానే పోయాయి.

"దిగలేదేం?" అన్నాను.

"దిగడానికేముందిక్కడ? పచ్చిక, సిమెంటు, నువ్వు," అంది నా భార్య నోలీన్, బ్రెడ్డుకి వెన్న రాస్తూ.

మాట తగిలింది. వాటి తిండి బాంక్సియా చెట్ల కాయలు. ఆస్ట్రేలియా పడమటి తీరాన, పెర్త్‌కి ఉత్తరాన ఈ ఇసుక నేలంతా ఒకప్పుడు బాంక్సియా అడవే. ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను బుల్డోజరు నడిపింది ఆ అడవి మీదే. ఈ చుట్టుపక్కల సగం కాలనీలకు నేల చదును చేసిన క్లెమ్ ట్రెలోర్‌ని నేనే. కాకటూలకి నా మొహం గుర్తుండే ఉంటుంది.

జనవరిలో రిటైరయ్యాను. అప్పటినుంచి ఇంట్లో నేను బాగుచేసినవి:

వాషింగ్ మెషీను (బాగానే ఉండేది).
నోలీన్ కుట్టుమిషను (అదీ బాగానే ఉండేది).
వంటింటి సొరుగులు (ఇప్పుడు తెరుచుకోవు).

"చేతులు ఊరుకోకపోతే బయట ఏదైనా చూసుకో. లోపల ఇంకొక్కటి ముట్టుకున్నావంటే ఆల్బనీలో మా చెల్లి దగ్గరికి పోతా," అంది నోలీన్. నవ్వకుండా అంది.

నిర్ణయం: పచ్చిక తీసేస్తాను. పన్నెండు బాంక్సియాలు పెంచుతాను. వేలల్లో పడగొట్టినవాణ్ణి, పన్నెండు నిలబెట్టలేనా!

మధ్యాహ్నం 3:00

అడవి మొక్కల నర్సరీకి వెళ్ళొచ్చాను. నడిపేది టీగన్ అనే అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మోచేతుల దాకా పచ్చబొట్లు. మొక్కలివ్వడానికి ముందు, పిల్లనిచ్చేవాళ్ళు ఆరా తీసినట్టు ఆరా తీసింది.

"నేల ఏంటి?"

"ఇసుక."

"ఇంతకుముందు ఏమైనా పెంచారా?"

"మీసం."

నవ్వలేదు. షరతులు చెప్పింది. ఒకటి, ఎరువు వద్దు. భాస్వరం ఉన్నదయితే వాటికి విషమే. రెండు, వేర్లు కదపొద్దు. మూడు, మొదటి ఎండాకాలం వారానికొక్కసారి లోతుగా నీళ్ళు, అంతే. నాలుగు, వీలైనంతవరకు ఏమీ చేయొద్దు.

"ఏమీ చేయకపోవడం కూడా ఒక పనేనా అమ్మాయ్?"

"అందరికీ చేతకాని పని. ఇంతకీ మీరేం చేసేవారు?"

"రోడ్ల పని," అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఏప్రిల్ 20. ఉదయం 10:30

చిన్న తవ్వకం యంత్రం అద్దెకు తెచ్చాను. ఆ సీటులో కూర్చోగానే పదేళ్ళు తగ్గాయి! నలభై నిమిషాల్లో పచ్చిక మాయం.

10:45. నీళ్ళ గొట్టం కూడా మాయం. పక్కింటి జోరా ఆరేసిన దుప్పట్ల మీదికి ఊట ఎగిరింది. జోరాకి డెబ్భై ఎనిమిది. మాసిడోనియా నుంచి పెళ్ళికూతురిగా వచ్చి, ఈ వీధిలోనే ముసలిదైంది. గోడ మీంచి తల పెట్టి, "నాయనా క్లెమ్, నా దుప్పట్లు ఉతికే ఆరేశాను. మళ్ళీ ఉతకమని నిన్నడిగానా?" అంది.

ఏప్రిల్ 25

తెల్లారగట్ల, యుద్ధాల్లో పోయిన సైనికుల ఆన్‌జాక్ స్మారకం దగ్గర నిలబడి వచ్చాం. రాత్రి మొదటి వాన పడింది. ఇసుక చల్లగా ఉంది. ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

పన్నెండూ నాటాను. దారం కట్టి, కొలిచి, నాలుగేసి చొప్పున మూడు వరుసలు. ఒక్కోదానికి నంబరు బిళ్ళ. గీత గీసినట్టున్నాయి.

"బడిపిల్లల్ని ప్రార్థనకి నిలబెట్టినట్టున్నావు," అంది నోలీన్. అయినా లోపలికి పోలేదు. చాలాసేపు చూసింది.

పదేళ్ళకి ఇంటి ఎత్తు! మొక్కజొన్న పొత్తులంత పూల కంకులు! నేను కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. డెబ్భై ఆరేళ్ళకే.

మే 3

ఎదుగుదల. ఉదయం 6:00: సున్నా. మధ్యాహ్నం 12:00: సున్నా. సాయంత్రం 5:00: మూడో నంబరు రెండు మిల్లీమీటర్లు! 5:10: స్కేలు వంకరగా పెట్టాను. సున్నా.

మే 9

నాలుగో నంబరు మీద అనుమానం. పైకేమో కులాసాగానే ఉంది. మరి లోపల? ఇంజను పైన తుడిస్తే సరిపోతుందా, మూత ఎత్తి చూడొద్దూ? వేర్లు ఎంతవరకు వచ్చాయో చూద్దామని మెల్లగా, చాలా మెల్లగా పైకి లాగాను.

బాగానే వచ్చాయి. తెల్లగా, దూదిపింజల్లాంటి వేర్లు. సంతోషం. మళ్ళీ పెట్టేశాను. దానికి తెలిసి కూడా ఉండదు.

మే 17

తెలిసింది. నాలుగో నంబరు పోయింది.

మిగిలినవి పదకొండు. పన్నెండు అన్నది మరీ లెక్కకోసం పెట్టుకున్న అంకె. పదకొండు అంటే ఒక క్రికెట్ జట్టు. చాలు.

మే 26. ఉదయం 9:00

జోరా గోడ మీంచి ఒక బకెట్టు అందించింది. కోళ్ళ ఎరువు.

"మొక్కలు అలా పాలిపోయాయేంటి? తిండి పెట్టవా వాటికి?"

"తినవు జోరా. ఎరువు పడదట."

"ఎవరు చెప్పారు?"

"నర్సరీ అమ్మాయి."

"పెళ్ళయిందా దానికి? పిల్లలున్నారా?"

"తెలియదు."

"మరి? నేను నలుగుర్ని పెంచాను. నా మిరపకాయలు చూశావా, నా టమాటాలు చూశావా! ఆకలి వెయ్యని ప్రాణం ఉంటుందా నాయనా భూమ్మీద?"

ఎనభైకి దగ్గరపడ్డ మనిషి బకెట్టు మోసుకొచ్చింది. మర్యాద కోసం మధ్య వరుసలో మూడింటికి వేశాను. ఒక్కో గుప్పెడు. సరే, రెండేసి.

జూన్ 12

ఆరు, ఏడు, ఎనిమిది. ముందు పసుపు, తర్వాత ఇటుక రంగు, ఇప్పుడు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. ప్రేమతో పెట్టిన తిండికి చచ్చినవాటిని ఇప్పుడే చూస్తున్నాను.

జోరా వచ్చి చూసి శిలువ గుర్తు వేసుకుంది. "బలహీనపు జాతి," అని తేల్చేసింది.

ఎనిమిది.

జూన్ 30

పచ్చ చిలకలు! ఒకటో నంబరు, రెండో నంబరు చిగుళ్ళు కొరికి కింద పారేశాయి. తిన్నా బాధ ఉండదు. ఊరికే కొరికి పారేశాయి. రెండూ దక్కలేదు. మిగిలినవాటికి ఇనుప వలతో పంజరం కట్టాను. ఆరు గంటల పని. గట్టి పని. తుఫాను వచ్చినా కదలదు.

జులై 4

తుఫాను వచ్చింది. పంజరం కదిలింది. పదో నంబరు మీదికి కదిలింది.

ఐదు. ఒక చేతికి ఐదు వేళ్ళు. మనిషి ఐదింటితోనే బతుకుతున్నాడు.

జులై 19

టీగన్ ఫోను. "ఆదివారం అటువైపు వస్తున్నా. మొక్కలు చూసి పోతా."

వెంటనే ఊరి అవతల పెద్ద దుకాణానికి పరిగెత్తాను. అక్కడ నన్నెవరూ ఎరగరు. సన్నని, మొనదేలిన ఆకుల మొక్కలు ఏడు దొరికాయి. మూడో నంబరు పక్కన పెట్టి చూశాను. అన్నదమ్ముల్లా ఉన్నాయి. బిళ్ళలు తగిలించాను. పన్నెండు!

జులై 21, ఆదివారం. మధ్యాహ్నం 12:30

టీగన్ వరుసల మధ్య మెల్లగా నడిచింది. ఏడో నంబరు దగ్గర ఆగింది. ఆకు ఒకటి గిల్లి, నలిపి, వాసన చూసింది.

"ఇది గొర్రె మాంసంలోకి చాలా బాగుంటుంది," అంది.

రోజ్‌మేరీ! ఏడూ రోజ్‌మేరీయే! వంటల్లో వేసే ఆకు! సరిగ్గా అప్పుడే నోలీన్ కిటికీలోంచి కేకేసింది: "క్లెమ్, ఓవెన్లో మాంసం పెడుతున్నా. ఆ కొత్త రోజ్‌మేరీ రెండు రెమ్మలు తుంచుకురా!"

అంటే ఆవిడకి ముందే తెలుసు. అమ్మినవాడికీ తెలుసు. తెలియనిది నాకే.

టీగన్ భోజనానికి ఉండిపోయింది. రెండోసారి కూడా వడ్డించుకుంది. పోతూ అంది: "ఐదు బతికున్నాయి క్లెమ్. వాటిని బాగుచెయ్యకండి."

సెప్టెంబర్ 8

పదకొండో నంబరు చిగురేసింది! తుప్పు రంగులో, పిల్లి పిల్ల చెవిలా నూగుతో మెత్తగా. ఒక్కసారి నిమిరాను. రెండుసార్లు. మూడోసారికి నోలీన్ కిటికీ తట్టింది.

సెప్టెంబర్ 9

ఇది రాస్తున్నది నోలీన్. ఆయన కూడికలు సరిచూద్దామని డైరీ తెరిచాను. ఐదు అన్నది నిజమే. కానీ నిన్న నిమిరింది మూడుసార్లు కాదు, పదకొండుసార్లు. నేను గిన్నెలు కడుగుతూ లెక్కపెట్టాను. గిన్నెలు కడిగే చోటి నుంచి పెరడు మొత్తం కనిపిస్తుందని ఆయనకి ఇన్నేళ్ళయినా తెలియదు. చెట్లు బాగున్నాయి. ఆయనా బాగున్నాడు. ఈ నెల్లో ఇంట్లో ఏదీ విప్పలేదు.

డిసెంబర్ 22

39 డిగ్రీలు. ఎండాకాలం వచ్చేసింది. వారానికొక్కసారి నీళ్ళు అంది టీగన్. నిజమే. కానీ ఆ అమ్మాయి ఆ మాట అన్నది ఏప్రిల్‌లో, చల్లటి పూట. ఇప్పుడున్న ఎండ చూస్తే తనే మార్చి చెబుతుంది. అడిగి ఆమెని ఇబ్బంది పెట్టడం దేనికి? రోజూ ఒక్క బకెట్టు. పొద్దున. సాయంత్రం కూడా ఒకటి, పొద్దుటిది ఆవిరయిపోతుంది కాబట్టి.

డిసెంబర్ 25

రొయ్యలు, చల్లటి పంది మాంసం, పండుగ కేకు. చెట్లకి పండుగ పూట మూడో బకెట్టు.

జనవరి 18. మధ్యాహ్నం 1:00

43 డిగ్రీలు! చెట్ల మీద బీచి గొడుగులు పాతాను. చాలలేదు. ఒక గొప్ప ఆలోచన వచ్చింది. స్నానాల గది నీళ్ళన్నీ వృథాగా పోతున్నాయి కదా. గొట్టం కోసి పెరట్లోకి తిప్పితే?

2:15. కోశాను. ఏ గొట్టమని అనుకున్నానో అది కాదు.

2:16. లోపల షవరు కింద నోలీన్ ఉంది. తల నిండా షాంపూ. నీళ్ళు లేవు.

సాయంత్రం 4:40

బల్ల మీద చీటీ: "ఆల్బనీలో ఉంటా. చెట్లు చచ్చాయని ఫోను చెయ్యకు. నీకేమైనా అయితే చెయ్యి. ఫ్రిజ్‌లో కూర ఉంది, మూడు రోజులకి వస్తుంది."

కూర మూడు రోజులకే ఎందుకు వండిందో ఆలోచిస్తున్నాను. మూడు రోజుల్లో వస్తుందనా? అంతకంటే వండే ఓపిక లేకనా?

జనవరి 21

కూర అయిపోయింది. నోలీన్ రాలేదు.

ఫిబ్రవరి 5

మూడు, ఐదు, తొమ్మిది, పన్నెండు. నాలుగూ ఒకే వారంలో. టీగన్‌కి ఫోటోలు పంపాను. ఒక్క ముక్కలో జవాబు: "ముంచేశారు."

ఇసుక నేలలో, 43 డిగ్రీల ఎండలో, చెట్టుని నీళ్ళతో చంపడానికి ఎంత శ్రద్ధ కావాలి!

మిగిలింది పదకొండో నంబరు. దాని దగ్గరికి పోబుద్ధి కావడం లేదు. ఇంట్లో గడియారం చప్పుడు ఇంత పెద్దదని ఇప్పుడే తెలిసింది. విప్పి చూద్దామనిపించింది. చూడలేదు.

ఫిబ్రవరి 9

ఏమీ చేయలేదు.

ఫిబ్రవరి 15

ఏమీ చేయలేదు. టీగన్ చెప్పినట్టు వారం నీళ్ళు మాత్రం. టోస్టు తిన్నాను.

ఫిబ్రవరి 22. ఉదయం 8:00

పదకొండో నంబరు మోకాలి ఎత్తుకి వచ్చింది! కొత్త కొమ్మలు రెండు! ఎప్పుడొచ్చాయి? పదిహేడు రోజులుగా ముట్టుకోలేదు కదా. బహుశా అందుకే వచ్చాయి.

నోలీన్‌కి ఫోను చేశాను.

"చెట్లు చచ్చాయని చెయ్యొద్దన్నాను కదా," అంది.

"నాలుగు చచ్చాయి. అందుకు చెయ్యలేదు. ఒకటి బతికింది. అందుకు చేశాను."

"ఏం చేశావు దానికి?"

"ఏమీ చెయ్యలేదు."

"నిజంగా?"

"పదిహేడు రోజులు. గడియారం కూడా విప్పలేదు."

"కారవాన్ తగిలించుకుని రా," అంది. "వచ్చేటప్పుడు సముద్రం పక్కన రెండు రోజులు ఆగుదాం. మా చెల్లి ఇంట్లో పిల్లులు ఎక్కువయ్యాయి."

8:40

తెల్ల చొక్కా వేసుకున్నాను. కారు వెనక కారవాన్, మా చక్రాల ఇల్లు, తగిలించాను. వీధి గేటు వైపు తిప్పాలంటే కొంచెం పెరట్లోకి వెనక్కి రావాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఇంతకు పదింతల బండిని జానెడు సందులో వెనక్కి తీసినవాణ్ణి. అద్దంలో చూడనే లేదు. పాట పాడుకుంటున్నాను.

చిన్న చప్పుడయింది.

దిగకముందే తెలిసింది. ఆ చప్పుడు నాకు తెలుసు. రోజుకి వందసార్లు విన్నాను, ఇంజను హోరులో, పట్టించుకోకుండా. ఆ హోరు లేకుండా విన్నది ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 23, ఆల్బనీ

నిన్న ఐదు గంటలు బండి నడుపుతూ ఎలా చెప్పాలా అని ఆలోచించాను. గుమ్మంలోనే చెప్పేశాను. నోలీన్ ముందు నవ్వింది. గోడ పట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. "నువ్వా? వెనక్కి తీస్తూనా?" అని మళ్ళీ నవ్వింది. తర్వాత నా మొహం చూసి ఆపేసింది.

"ఒక్క చెట్టుకే ఇంత చప్పుడయింది నోలీన్," అన్నాను. "మరి అన్ని వేలు..."

అరవై ఏడేళ్ళొచ్చాయి, మరదలి గుమ్మంలో నిలబడి ముక్కు చీదుకున్నాను. చుట్టూ పిల్లులు.

ఫిబ్రవరి 28

నోలీన్ ఆ రోజే పెట్టె తెచ్చుకుని కారెక్కింది. సముద్రం దగ్గర ఆగాం. రెండు రోజులు కాదు, నాలుగు.

మార్చి 3

బాంక్సియాలు సమాప్తం. ఆలోచించి తీసుకున్న నిర్ణయం. కారణాలు:

వయసు.
నడుము.
చిలకలు.
ఈ ఇసుకలో ఏదీ బతకదు. (నోలీన్ దీని పక్కన పెన్సిల్‌తో రాసింది: లక్షల ఏళ్ళు బతికాయి.)

మళ్ళీ పచ్చిక వేయించడానికి మనిషితో మాట్లాడాను. ప్లాస్టిక్‌ది. దాన్ని చంపడం నావల్ల కూడా కాదు.

మార్చి 22

ఖాళీ కుండీలు తిరిగిద్దామని నర్సరీకి వెళ్ళాను. పన్నెండు. టీగన్ లెక్కపెట్టింది. అన్నీ పోయాయని ఆమెకి అర్థమైంది. చివరిది ఎలా పోయిందని అడిగింది. చెప్పాను. ఆగకుండా మిగతాది కూడా చెప్పేశాను. రోడ్ల పని కాదని. బుల్డోజరని. ఏ కాలనీలో, ఏ ఏట, ఎన్ని ఎకరాలని.

ఆమె చేతిలో కత్తెర ఆగింది. గెంటేస్తుందనుకున్నాను.

"రెండో కాలనీ మళ్ళీ చెప్పండి."

చెప్పాను.

"నేను పుట్టి పెరిగింది అక్కడే. మూలమీద ఇల్లు," అంది. "మా ఇంటి కింద ఉన్న చెట్లని కొట్టింది మీరన్నమాట."

"అయ్యుంటుంది."

"నేల మాత్రం బాగా చదును చేశారు. ముప్ఫై ఏళ్ళయినా గోడకి ఒక్క పగులు లేదు. మా నాన్న ఇప్పటికీ పొగుడుతాడు."

ఇద్దరం ఎటో చూశాం. తర్వాత అడిగింది: "నిచ్చెన ఉందా మీ దగ్గర? వచ్చే శనివారం ఖాళీయేనా?"

పెద్ద రోడ్డు పక్కన మిగిలిపోయిన అడవి ముక్క. ఆ తర్వాతి సోమవారం చదును చేస్తారట. చెట్లని ఆపే దారి లేదు. గింజలు కోసుకోవడానికి మాత్రం ఆమెకి అనుమతి కాగితం ఉంది. ఒక్కరోజు. మనుషులు తక్కువ.

ప్లాస్టిక్ పచ్చిక మనిషికి ఫోను చేసి వద్దన్నాను.

మార్చి 29, శనివారం. ఉదయం 6:30

నేను, టీగన్, నోలీన్, నిచ్చెన, గోతాలు. అడవి అంచున బుల్డోజరు అప్పటికే నిలబడి ఉంది. పని సోమవారం నుంచి శనివారానికి జరిపారట. మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

డ్రైవరు దిగాడు. లైల్! ఇరవై ఐదేళ్ళ కిందట నా పక్క సీటులో కూర్చోబెట్టుకుని నేను పని నేర్పిన కుర్రాడు. ఇప్పుడు బట్టతల.

"బాస్! నువ్వేంటి ఇక్కడ? రిటైరయ్యావని పార్టీ కూడా ఇచ్చాం కదా!"

"కాయలు కోసుకుంటాను. సాయంత్రం దాకా ఆగు."

"ఆగితే నా ఉద్యోగం ఆగుతుంది బాస్. ఇవాళ ఐదింటికల్లా ఇది నున్నగా ఉండాలి. నీకు తెలియందేముంది?"

తెలుసు. అందుకే బతిమాలలేదు. అడిగాను: "ఎటునుంచి మొదలుపెడతావు?"

"ఇటునుంచే. గాలి వీపు మీద ఉండాలని నువ్వే కదా నేర్పావు."

"ఇవాళ అటునుంచి మొదలుపెట్టు. ఎదురుగాలికి."

"దుమ్మంతా నా మొహానే కొడుతుంది!"

"కొడుతుంది."

లైల్ నా వంక చూశాడు. నిచ్చెన ఎక్కడానికి తయారైన నోలీన్ వంక చూశాడు. టోపీ కిందికి లాక్కున్నాడు. "రేపటినుంచి దగ్గు వస్తే నీ పేరే చెబుతా బాస్," అని బండిని అటు చివరికి తోలుకుపోయాడు.

మధ్యాహ్నం 12:10

అటు చెట్లు పడుతున్నాయి, ఇటు మేం కోస్తున్నాం. కాయలు కర్రముక్కల్లా గట్టివి. వాటి నిండా మూసిన పెదవులు. ఒక్కో చెట్టు పడ్డప్పుడల్లా టీగన్ కత్తెర ఒక్క క్షణం ఆగేది. నేను నిచ్చెన జరుపుతూ ఉన్నాను. చెవులు మూసుకోవాలనిపించింది. చేతులు ఖాళీ లేవు.

భోజనం వేళకి లైల్ దిగివచ్చాడు. మొహం బూడిద రంగు, కళ్ళు ఎర్రగా. శాండ్‌విచ్ నోట్లో కరుచుకుని రెండు చేతులా కాయలు విరిచి గోతంలో వేశాడు. అరగంట. తర్వాత బండెక్కి తన పని తను చేసుకున్నాడు.

మూడు గోతాలు. నాలుగున్నరకి అడవి లేదు.

మార్చి 30. ఉదయం 11:00

ఈ కాయలు నిప్పు తగిలితే గానీ నోరు తెరవవు. అడవిలో కార్చిచ్చు ఆ పని చేస్తుంది. ఇంట్లో ఓవెన్. 120 డిగ్రీలు, ఒక గంట. ఓవెన్ ముట్టుకునే అధికారం నోలీన్‌కి మాత్రమే.

11:40. ఠప్. ఠప్. ఒక్కో పెదవీ విచ్చుకుంటోంది! ఇల్లంతా కాలిన అడవి వాసన. కిటికీలోంచి పొగ.

11:45. జోరా గోడ మీంచి గొట్టంతో వంటింట్లోకి నీళ్ళు కొట్టింది. "మంటలు, మంటలు!" అంటూ. నోలీన్ తడిసిపోయింది. నేను కాదు కారణం! ఈ ఇంట్లో మొదటిసారి నేను కాదు!

ముగ్గురం తడిసిన బల్ల దగ్గర కూర్చుని పట్టకారుతో గింజలు తీశాం. నల్లగా, పల్చగా, ఈగ రెక్కంత రెక్కతో. జోరా ఒకటి అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇంత కాల్చితే గానీ బయటికి రావా?"

"రావు."

"మా ఆయన లాంటివి," అంది.

ఏప్రిల్ 6

గింజలు ఉత్త ఇసుక నింపిన కుండీల్లో నాటాం. సగం టీగన్ తన దగ్గర ఉంచుకుంది. "నమ్మకం లేదా?" అన్నాను. "ఉంది. అందుకే సగం ఇచ్చాను," అంది.

మే 24, శనివారం. ఉదయం 7:30

మొలకెత్తింది!

మూడో కుండీ. ఒకే ఒక్కటి. అగ్గిపుల్ల తలంత పచ్చదనం. గింజ పొట్టు ఇంకా ఊడలేదు, నల్ల టోపీలా నెత్తిన ఇరుక్కుని ఉంది. ఆకులు విప్పుకోలేక తల వంచుకుని నిలబడింది.

ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదటి రోజు. నిర్ణయం: ముట్టుకోను.

7:50. టోపీ అలాగే ఉంది.

8:05. గోటితో ఇలా అంటే చాలు, వచ్చేస్తుంది. సాయమే కదా. అది అడగలేక ఊరుకుందేమో.

8:10. పట్టకారు ఎక్కడ పెట్టారో వెతికాను. ఊరికే. ఎక్కడుందో తెలిసుంటే మంచిదని.

8:15. నోలీన్ గిన్నెలు వదిలేసి బయటికొచ్చింది. కుర్చీ నా పక్కకి లాక్కుని, నా కుడిచేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సబ్బు నురగతోనే. గట్టిగా. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత గట్టిగా పట్టుకున్న గుర్తు లేదు. ప్రేమతో కాదు, ముందుజాగ్రత్తగా.

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను.

9:40. టోపీ దానంతటదే ఊడి పడింది.

చేయి ఇంకా వదల్లేదు. నేనూ అడగలేదు.